హైడ్రోజన్ శుద్ధిలో మిశ్రలోహ పొరలు

హైడ్రోజన్‌ను ఇతర వాయువుల నుంచి విడదీయడానికి వాడే పలుచని లోహపు రేకులు, గొట్టాలు, పూతలను మిశ్రలోహ పొరలు అంటారు. వీటిలో ఎక్కువ భాగం పల్లాడియంలో వెండి, రాగి, ఇట్రియం వంటి లోహాలు కలిపి చేసినవి. వీటిని జల్లెడలతో పోల్చడం పొరపాటు, ఎందుకంటే వీటిలో రంధ్రాలే ఉండవు. పగుళ్లు లేని పొర గుండా నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ దాటవు. హైడ్రోజన్ ఒక్కటే లోహంలో కరిగి అవతలి వైపు బయటపడుతుంది. ఎల్‌ఈడీలు, చిప్‌లు తయారు చేసే కర్మాగారాలు 99.9999999 శాతం శుద్ధత గల హైడ్రోజన్ కోసం వీటినే నమ్ముకోవడానికి కారణం ఇదే.

ఈ పొరలు ఎక్కడ పనికొస్తాయో చూడడానికి విశాఖ ప్రాంతం మంచి ఉదాహరణ. విశాఖ శివారులోని సబ్బవరం మండలం 2022 జిల్లాల పునర్విభజనలో అనకాపల్లి జిల్లాలో చేరింది. 2016లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మొదలైన భారత పెట్రోలియం, ఇంధన సంస్థకు శాశ్వత ప్రాంగణం ఈ మండలంలోని వంగలిలోనే. దానికి ఒక పక్క హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ, మరో పక్క ఉక్కు కర్మాగారం, దక్షిణాన తీరం వెంబడి హరిత హైడ్రోజన్ కేంద్రం రానున్న పూడిమడక ఉన్నాయి. హైడ్రోజన్‌ను తయారు చేసేదీ, వాడేదీ, ఇంధనంగా మండించేదీ ఇంత దగ్గర దగ్గరగా కనబడే ప్రాంతాలు దేశంలో తక్కువ. అందుకే ఈ పొరల మంచిచెడ్డలను ఇక్కడి అవసరాలతో కలిపి చూడడం సబబు.

పనిచేసే తీరు

వేడెక్కిన ప్లాటినం, ఇనుము గుండా హైడ్రోజన్ దాటిపోతుందని 1863లో ఫ్రాన్స్‌కు చెందిన డెవిల్, ట్రూస్ట్ గమనించారు. మూడేళ్ల తరువాత, 1866లో, లండన్‌లో థామస్ గ్రాహం పల్లాడియంలో ఈ గుణం ఎంత బలంగా ఉందో చూపించాడు. ఆ లోహం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ను ఇముడ్చుకోగలదు.

హైడ్రోజన్ అణువు లోహపు ఉపరితలానికి అంటుకోగానే రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఆ పరమాణువులు లోహపు స్ఫటికంలోని ఖాళీల్లోకి దూరి, ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి జరుగుతూ అవతలి ముఖానికి చేరతాయి. అక్కడ మళ్లీ జతకట్టి వాయువుగా బయటికి వస్తాయి. ఇలా విడిపోయి కరుగుతుంది కాబట్టే ప్రవాహం రెండు వైపుల ఒత్తిడుల తేడాకు కాక, ఆ ఒత్తిడుల వర్గమూలాల తేడాకు అనులోమంగా ఉంటుంది. దీన్ని సీవర్ట్స్ నియమం అంటారు. అవతలి వైపు 1 వాతావరణ పీడనం ఉందనుకుందాం. ఇవతలి వైపు పీడనాన్ని 9 నుంచి 16కు పెంచితే, వర్గమూలాల తేడా 2 నుంచి 3కు చేరి, ప్రవాహం ఒకటిన్నర రెట్లు మాత్రమే అవుతుంది. పీడనం పెంచడానికి పెట్టిన ఖర్చు పూర్తిగా తిరిగి రాదన్న మాట.

స్వచ్ఛమైన పల్లాడియం ఎందుకు నిలవదు

ఇంత గుణం ఉన్న లోహాన్ని ఒంటరిగా వాడలేకపోవడమే ఈ శాస్త్రం మొత్తానికీ మూలం. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ లోపు, హైడ్రోజన్ ఉన్నచోట, పల్లాడియం రెండు దశలుగా చీలుతుంది. హైడ్రోజన్ దట్టంగా నిండిన రెండో దశ ఘనపరిమాణం సుమారు పది శాతం ఎక్కువ. పక్కపక్కనే ఒక భాగం ఉబ్బి, మరో భాగం ఉబ్బకపోతే రేకు వంకర తిరుగుతుంది, తరువాత పగులుతుంది. వేడి చేయడం, చల్లార్చడం నాలుగైదు సార్లు జరిగితే చాలు, పొర పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఇలాంటి పరికరాలు నడిపేవారు చల్లార్చే ముందు లోపలి హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తోనో ఆర్గాన్‌తోనో పూర్తిగా తోసేస్తారు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఈ పని జరగకపోతే నష్టం తప్పదు.

వెండి కలపడంతో పరిస్థితి మారింది. 23 శాతం వెండి ఉన్న మిశ్రలోహంలో ఆ దశమార్పు దాదాపు గది ఉష్ణోగ్రత దాకా దిగిపోతుంది. పైగా హైడ్రోజన్ దాటే వేగం స్వచ్ఛమైన పల్లాడియం కంటే సుమారు 1.7 రెట్లు ఉంటుంది. పరిశ్రమకు పనికొచ్చే పొరగా దీన్ని 1950లలో అమెరికాలో జేమ్స్ హంటర్ నిలబెట్టాడు. 1960ల నుంచి ఈ గొట్టాలతో శుద్ధియంత్రాలు మార్కెట్లో ఉన్నాయి. ఇట్రియం కలిపితే వేగం ఇంకా పెరుగుతుంది, కానీ ఆ మిశ్రమాన్ని గొట్టాలుగా సాగదీయడం కష్టం.

గంధకం ఎదురైతే వెండి మిశ్రమం కూడా ఓడిపోతుంది. అక్కడ బరువులో 60 శాతం పల్లాడియం, 40 శాతం రాగి ఉన్న మిశ్రమం మెరుగు. దీనిలోనూ ఒక చిక్కుంది. హైడ్రోజన్‌ను వేగంగా పంపే స్ఫటిక నిర్మాణం ఒకటి, గంధకాన్ని బాగా తట్టుకునేది మరొకటి. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోవాలి.

మందం లెక్క

పల్లాడియం ధర 2022 మార్చిలో ఔన్సుకు 3,000 డాలర్లు దాటింది. అందువల్ల పొరను పలుచన చేయడం ఖర్చు తగ్గించే ముఖ్యమైన దారి. మందం సగం చేస్తే చదరపు మీటరుకు పట్టే లోహం సగమవుతుంది. ప్రవాహం రెట్టింపవుతుంది కాబట్టి కావలసిన వైశాల్యమూ సగమవుతుంది. అంటే మొత్తం లోహం నాలుగో వంతు చాలు. ఈ లెక్కన 100 మైక్రాన్ల రేకు స్థానంలో 5 మైక్రాన్ల పూత వాడితే లోహం నాలుగు వందల వంతులలో ఒక వంతు సరిపోతుంది. కాగితం మీద మాత్రమే ఇంత లాభం, ఎందుకంటే పూత పలుచనయ్యే కొద్దీ సూదిమొనంత రంధ్రాలు మిగిలిపోతాయి, పూత కింద ఉండే ఆధారపు గొట్టం నిరోధమూ తోడవుతుంది.

ఇంత పలుచని పూత తనంతట తాను నిలవదు. సచ్ఛిద్రమైన స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా అల్యూమినా గొట్టం మీద దాన్ని రసాయన పద్ధతిలో, విద్యుత్తు లేకుండా పూస్తారు. గొట్టాన్ని మొదట తగరం, పల్లాడియం ద్రావణాలలో వంతులవారీగా ముంచి, ఉపరితలం మీద పల్లాడియం బీజాలు నాటుతారు. తరువాత పల్లాడియం లవణం, హైడ్రజీన్ ఉన్న వెచ్చని ద్రావణంలో ఉంచితే ఆ బీజాల చుట్టూ పూత పెరిగి కలిసిపోతుంది. స్టీల్ ఆధారమైతే మధ్యలో సెరామిక్ పొర తప్పనిసరి. లేకపోతే ఎక్కువ వేడి దగ్గర ఇనుము మెల్లగా పల్లాడియంలోకి పాకి పూతను పాడుచేస్తుంది.

విశాఖ ప్రాంతంలో చోటు

రిఫైనరీలో డీజిల్ నుంచి గంధకాన్ని తీయడానికి హైడ్రోజన్ కావాలి. ఆవిరితో సంస్కరించి చేసే హైడ్రోజన్‌ను సాధారణంగా పీడన మార్పిడి అధిశోషణంతో, అంటే పీడనం పెంచి తగ్గిస్తూ మలినాలను ఘనపదార్థానికి అంటించి తీసే పద్ధతితో, శుద్ధి చేస్తారు. ఆ పద్ధతిలో హైడ్రోజన్ దాదాపు వచ్చిన ఒత్తిడితోనే బయటికి వస్తుంది. లోహపు పొర దాటిన హైడ్రోజన్ తక్కువ ఒత్తిడిలో వస్తుంది కాబట్టి మళ్లీ కుదించాలి. రిఫైనరీల్లో పాత పద్ధతే నెగ్గడం ఈ కారణంగా సమంజసమే.

ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్ గ్యాస్ సంగతి వేరు. దానిలో సగానికి పైగా హైడ్రోజనే ఉన్నా, ప్రధానంగా కొలిమి ఇంధనంగా మండుతుంది. అందులోంచి శుద్ధమైన హైడ్రోజన్ తీయాలంటే ముందు తారు, హైడ్రోజన్ సల్ఫైడ్ బాగా తొలగించాలి. రాగి మిశ్రమానికి సహనం కొంత ఎక్కువ కానీ, ఆ పనిని అది తప్పించలేదు.

పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్‌లో మిగిలే ఆక్సిజన్, తేమ తీసేస్తే చాలు, పల్లాడియం పొర అక్కడ అక్కరలేదు. దాన్ని అమ్మోనియాగా మార్చి ఓడల్లో పంపినప్పుడు, దిగుమతి రేవులో దాన్ని విడగొట్టి మళ్లీ హైడ్రోజన్ తీసేచోట పొరల అవసరం పుడుతుంది. అమ్మోనియా పూర్తిగా విడిపోతే 75 శాతం హైడ్రోజన్, 25 శాతం నైట్రోజన్ వస్తాయి. వాహనాల ఫ్యూయెల్ సెల్‌కు అమ్మోనియా పది లక్షల వంతులలో 0.1కి మించకూడదు.

ఈ పనికి ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వనేడియం పొరలను ఎంచుకుంది. 2018 ఆగస్టులో అమ్మోనియా నుంచి ఇలా తీసిన హైడ్రోజన్‌తో టయోటా మిరాయ్, హ్యుందాయ్ నెక్సో కార్లు నడిపించారు. వనేడియం పల్లాడియం కంటే చౌక, హైడ్రోజన్‌ను ఇంకా వేగంగా పంపుతుంది. దాని ఉపరితలం మీద ఆక్సైడ్ పొర అడ్డుపడుతుంది కాబట్టి రెండు వైపులా పల్లాడియం పూత వేయాలి. సుమారు 400 డిగ్రీలు దాటితే ఆ పూత వనేడియంలోకి కలిసిపోతూ పొర నెమ్మదిస్తుంది. అమ్మోనియా విడగొట్టే గదికి ఎక్కువ వేడి కావాలి కాబట్టి, దాన్నీ పొరనూ వేరువేరు ఉష్ణోగ్రతలలో ఉంచేలా యంత్రాన్ని రూపొందించాల్సి వస్తుంది.