తీర్పుకి పొలిమేర ఉంటుందా?

నేను సాహిత్య విద్యార్థిని. న్యాయశాస్త్రం వైపు నన్ను నడిపించింది కూడా ఒక నవలే. ఒజిబ్వే రచయిత్రి లూయీస్ ఎర్‌డ్రిక్ రాసిన ‘ది రౌండ్ హౌస్’ (2012)లో జెరాల్డీన్ అనే స్త్రీ మీద అత్యాచారం జరుగుతుంది. అది ఎవరి నేల మీద జరిగిందో తేలదు. తెగ భూమా, రాష్ట్రానిదా? అది తేలితే తప్ప ఏ కోర్టు విచారించాలో తెలియదు. ఆమె భర్త స్వయంగా తెగ కోర్టులో జడ్జి. అయినా నిస్సహాయుడే.

ఈ నిస్సహాయత వెనక పెద్ద చరిత్ర ఉంది. ఒక రాష్ట్రంలో వచ్చిన తీర్పుని మిగతా రాష్ట్రాలు మన్నించాలని అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం చెప్తుంది. అందులో తెగల ఊసు లేదు. పైగా 1883లో ప్రభుత్వమే రిజర్వేషన్లలో ‘ఇండియన్ నేరాల కోర్టులు’ పెట్టి, వాళ్ల నృత్యాలనీ క్రతువులనీ నేరాలుగా విచారించింది. 1934 చట్టం తర్వాతే చాలా తెగలు సొంత కోర్టులు నిర్మించుకున్నాయి.

మరి ఒక కోర్టు తీర్పు ఇంకో కోర్టులో చెల్లేదెలా? చాలావరకు ‘కామిటీ’ అనే పరస్పర మర్యాద మీద. బయటి తీర్పు వచ్చినప్పుడు తెగ కోర్టు సాధారణంగా కొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఆ కోర్టుకి అధికారం ఉందా? ఎదుటివాళ్లకి నోటీసు అందిందా? చెప్పుకునే అవకాశం దొరికిందా? మోసం ఏమైనా జరిగిందా? తెగ కట్టుబాట్లకి అది విరుద్ధమా? బయటి కోర్టులూ తెగ తీర్పుని ఇలాగే జల్లెడ పడతాయి. కానీ రెండు జల్లెళ్లూ ఒకటి కావు. మోంటానాలో లారీ ప్రమాదానికి గురైన ఒక బ్లాక్‌ఫీట్ మహిళ తెగ కోర్టులో గెలిచింది. ప్రమాదం రిజర్వేషన్‌లోనే జరిగినా అది హైవే మీద కావడం, లారీ నడిపినతను తెగ సభ్యుడు కాకపోవడంతో, తెగ కోర్టుకి అధికారమే లేదని 1997లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పుని తోసిపుచ్చింది.

స్త్రీల విషయంలో ఈ గోడకి మొదటి కిటికీ 1994లో తెరుచుకుంది. స్త్రీలపై హింస నిరోధక చట్టం ప్రకారం, కొట్టే మగవాడు దగ్గరికి రాకూడదంటూ ఒక కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు రాష్ట్రాల్లోనూ తెగల్లోనూ చెల్లాలి. ముందుగా రిజిస్టరు చేయించాలన్న షరతు కూడా ఉండకూడదని 2000 సవరణ స్పష్టం చేసింది. ఊరు విడిచి పారిపోతున్న ఆడమనిషికి ఈ చిన్న సవరణ ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

కానీ ఆ ఉత్తర్వుని మీరినవాడు ఇండియన్ కాకపోతే? 1978 నాటి ఓలిఫెంట్ తీర్పు వల్ల తెగ కోర్టు అతన్ని నేరస్థుడిగా విచారించలేదు. తెగ భూమి నుంచి వెళ్లగొట్టగలదు, సివిల్ ధిక్కారం కింద చర్య తీసుకోగలదు, అంతే. గృహహింస, రక్షణ ఉత్తర్వుల ఉల్లంఘన కేసుల్లో ఆ అధికారం 2013 చట్టంతో తిరిగొచ్చింది. 2022లో అత్యాచారాలకీ విస్తరించింది.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతమే. కానీ అదే 1978లో జూలియా మార్టినెజ్ ఓడిపోయింది. బయటివాళ్లని పెళ్లాడిన స్త్రీల పిల్లలకి సాంటా క్లారా ప్యూబ్లో సభ్యత్వం ఇవ్వలేదు, మగవాళ్ల పిల్లలకి ఇచ్చింది. ఈ వివక్ష మీద ఆమె వేసిన దావాని ఫెడరల్ కోర్టులు వినలేవంది సుప్రీంకోర్టు. తెగ స్వయంపాలన నిలిచింది, కూతురి హక్కు నిలవలేదు.

ఈ చిక్కుముడి మనకి కొత్తదేం కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకి వర్తించదు. ఆచారాన్ని కాపాడాలన్న మాటా, ఆడపిల్లకి వాటా ఇవ్వాలన్న మాటా మన ఏజెన్సీ ఊళ్లలోనూ ఎదురెదురుగా నిలబడతాయి. బయటి కోర్టే విముక్తి అనుకుంటే వలసపాలన చరిత్రని మరిచినట్టు. తెగ కోర్టే సర్వస్వం అనుకుంటే జూలియాని మరిచినట్టు. ఏ తీర్పు ఎక్కడ చెల్లాలన్న చర్చ ఎప్పుడు మొదలైనా, దాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ స్త్రీని ముందు లోపలికి పిలిచి, ఆమె మాట వినాలి.