క్రీ.శ. 634: ఒకే ఏడాది, ఎన్నో లెక్కలు

కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ఐహోళెలో మేగుటి జైన ఆలయం గోడపై ఉన్న శాసనం తన కాలాన్ని రెండు విధాలుగా చెబుతుంది. భారత యుద్ధం తర్వాత 3735 ఏళ్లు, శక రాజుల లెక్కలో 556 ఏళ్లు గడిచాయని అందులో ఉంది. రెండూ క్రీ.శ. 634–35 దగ్గరే కలుస్తాయి.

బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలను కవి రవికీర్తి ఇందులో సంస్కృతంలో వర్ణించాడు. పిష్టపురం, అంటే కాకినాడకు దగ్గరలోని నేటి పిఠాపురం, గెలుపు ప్రస్తావన కూడా ఉంది. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితోనే వేంగి చాళుక్య వంశం మొదలైంది.

ఆ ఏడాది వివిధ లెక్కల్లో

- శకం: 556 (గడిచిన ఏళ్లు). శాలివాహన అనే పేరు దీనికి తర్వాతి శతాబ్దాల్లో చేరింది.
- కలి: 3735. భారత యుద్ధపు లెక్క దీనితో సరిపోతుంది. క్రీ.శ. 499 నాటికి కలిలో 3600 ఏళ్లు గడిచాయన్న ఆర్యభటుడి లెక్కకు 135 కలిపినా 634 వస్తుంది.
- విక్రమ (చైత్రాది): 691.
- వీర నిర్వాణ: 1160–61.
- అరవై ఏళ్ల చక్రం: నేటి దక్షిణాది వరుసను వెనక్కి లెక్కిస్తే జయ. 2014 నాటి జయకు సరిగ్గా 1380 ఏళ్లు, అంటే 23 చక్రాలు ముందు. శాసనంలో మాత్రం ఈ పేరు లేదు.
- చైనా: తాంగ్ చక్రవర్తి తైజోంగ్ ఝెంగ్వాన్ శకంలో 8వ ఏడాది. అక్కడి అరవై ఏళ్ల చక్రంలో గుర్రం సంవత్సరం, 2014లాగే.
- హిజ్రీ: 13 (634 మార్చి నుంచి 635 ఫిబ్రవరి వరకు). ఖలీఫా ఉమర్ ఈ లెక్కను అమల్లోకి తెచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు.

ఎక్కడ పొరపాటు వస్తుంది?

శక సంఖ్యకు 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ అనుకుంటారు. అది గడిచిన ఏళ్ల లెక్కకే, అదీ డిసెంబరు వరకే. జనవరి నుంచి ఉగాది లోపు తేదీకి 79 కలపాలి. శాసనం గడిచిన ఏడు కాక నడుస్తున్న ఏడు చెబితే ఒకటి తగ్గించాలి. తమిళనాడులో సౌరమానం వాడుక కాబట్టి కొత్త ఏడు ఉగాదికి కాక చిత్తిరై నెలతో మొదలవుతుంది.

మీ ఊరి గుడిలోనో పొలంలోనో పాత శిల కనబడితే ఏడాది అంకె ఒక్కటే రాసుకోకండి. నెల, పక్షం, తిథి, వారం కూడా రాసుకోండి. తిథి, వారం కలిసే రోజు పట్టుకుంటేనే అసలు ఏడాది తేలుతుంది.