కార్ఖానాలో కారీగర్‌కు జాగా ఎంత?

ఉర్దూ మీడియం స్కూల్లో మేం నేర్చుకున్న మాట కార్ఖానా. కార్ అంటే పని, ఖానా అంటే ఇల్లు. తర్వాత డిగ్రీలో తెలుగు చదువుతుంటే కర్మాగారం అనే మాట ఎదురైంది. కర్మ అంటే పని, ఆగారం అంటే ఇల్లు. ఒకటి ఫార్సీ, ఇంకోటి సంస్కృతం. రెండూ పనికి ఒక ఇల్లుండాలనే చెబుతున్నాయి. ఇల్లన్నాక గాలి వచ్చే దారి ఉండాలి, పొయ్యికో మూల ఉండాలి, మనిషి కాళ్ళు చాపుకునే చోటుండాలి. మరి మన తారీఖ్‌లో ఈ పని ఇంటిని ఎవరు అమర్చారు? ఎవరి కోసం అమర్చారు?

ముస్లిం షహర్లలో బజారు మీద నిగ్రానీ ముహ్తసిబ్‌ది. తూకాలు, కల్తీలే కాదు, ఎవరి దుకాణం ఎక్కడుండాలో కూడా ఆయనే చూసేవాడు. 12వ శతాబ్దంలో షామ్‌కు చెందిన షైజరీ ఈ ఉద్యోగం చేసేవాళ్ళ కోసమే ఒక కితాబ్ రాశాడు. ఒక్కో పేషాకు ఒక్కో బజారు ఉండాలంటాడు. నిప్పుతో పనిచేసే రొట్టెలవాళ్ళు, వంటవాళ్ళు, కమ్మరులు అత్తరు దుకాణాలకూ బట్టల దుకాణాలకూ దూరంగా ఉండాలంటాడు. రొట్టెల భట్టీకి పైకప్పు ఎత్తుగా ఉండాలని, పొగ పోవడానికి వెడల్పాటి దారి ఉండాలని కూడా రాశాడు. ఒకరి వల్ల ఇంకొకరికి నుక్సాన్ జరగకూడదన్న దీనీ ఉసూల్ ఆ బజార్లో పొగగొట్టం రూపంలో కనిపించింది.

హిందుస్తాన్‌లో కథ వేరు. ఇక్కడ పెద్ద కార్ఖానాలు ఎక్కువగా బాద్‌షాలవే. ఫిరోజ్ షా తుగ్లక్‌కు 36 కార్ఖానాలుండేవని, బానిసల్లో 12 వేల మంది రకరకాల హునర్ నేర్చిన కారీగర్లని షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఫ్రెంచి హకీం బెర్నియే 1663లో ఢిల్లీ నుంచి రాసిన ఉత్తరంలో ఎర్రకోట లోపలి కార్ఖానాలను కళ్ళకు కట్టాడు. ఒక హాల్లో జరీ కుట్టేవాళ్ళు, వాళ్ళ మీద ఒక ఉస్తాద్. ఇంకో హాల్లో కంసాలులు. మరోదాంట్లో చిత్రకారులు. తర్వాత లక్క పూతవాళ్ళు. ఆ తర్వాత వడ్రంగులు, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు. పట్టు, సన్నని మల్‌మల్ నేసేవాళ్ళకు ఇంకో హాలు. కారీగర్లు పొద్దున వచ్చి, రోజంతా పనిచేసి, సాయంత్రం ఇళ్ళకు పోయేవాళ్ళు. పనికో గది, ఇంటికో గది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

అక్బర్ టంకశాల గురించి అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో ఇంకా వివరంగా రాశాడు. దరోగా, సరాఫ్, అమీన్, లెక్క రాసే ముష్రిఫ్, తూచేవాడు, కరిగించేవాడు, రేకు సాగదీసేవాడు, నాణెం సైజులో గుండ్రంగా కోసే జర్రాబ్, అచ్చు వేసే సిక్కచీ. లోహం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంటే అడుగడుగునా తూకం, అడుగడుగునా రాత. టంకశాల నేల ఊడ్చిన మట్టిని కడిగి బంగారు రజను ఏరుకునేవాళ్ళ గురించి కూడా ఆ కితాబ్‌లో ఉంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకొకటి అర్థమైంది. ముహ్తసిబ్ అమర్చిన బజారు పొరుగువాడినీ గిరాకీనీ కాపాడింది. బాద్‌షా అమర్చిన కార్ఖానా మాలునూ ఖజానానూ కాపాడింది. నేల మీది బంగారు రజనుకు లెక్క ఉంది. కారీగర్ ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళికి మాత్రం లెక్క లేదు.

మన దేశంలో ఆ లెక్కను చట్టంలో కొలతగా రాసింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. కొత్త ఫ్యాక్టరీలో ఒక్కో మనిషికి 14.2 ఘనపు మీటర్ల జాగా ఉండాలంది. అంటే దాదాపు 500 ఘనపుటడుగులు. నేల నుంచి 4.2 మీటర్ల పైనున్న ఖాళీని లెక్కలోకి తీసుకోవద్దంది. పైకప్పు ఆకాశంలో ఉందని చెప్పి కింద మనుషుల్ని కుక్కే చాలాకీకి అది తాళం. కానీ ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది, కరెంటు లేని చోట ఇరవై మంది ఉంటేనే వర్తించింది. గల్లీలోని చిన్న కార్ఖానా దాని కంటికి ఆనలేదు.

మన పాతబస్తీ గదుల్ని ఈ లెక్కతో చూడండి. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న గదంటే వెయ్యి ఘనపుటడుగులు. అంటే ఇద్దరికి సరిపోయే జాగా. అందులో బొగ్గుల పొయ్యి పెట్టి, లక్కను మెత్తబరిచి, గాజులకు రాళ్ళు అద్దుతూ ఎంతమంది కూర్చుంటారో మీకు తెలుసు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువ మంది బిహార్ నుంచి వచ్చినవాళ్ళు. పనిచేసిన చోటే తిండి, అక్కడే నిద్ర. బెర్నియే చూసిన కారీగర్‌కు సాయంత్రం పోవడానికి ఒక ఇల్లుంది. ఈ బచ్చాలకు అదీ లేదు.

జర్దోజీ కుట్టే మన బహెన్ల పరిస్థితి ఇంకోరకం. వాళ్ళకు ఇల్లే కార్ఖానా. కార్‌చోబ్ పరిస్తే మంచం లేపాలి, మంచం వేస్తే కార్‌చోబ్ ఎత్తాలి. వెలుగు కోసం గడప దగ్గరికి జరగాలి, గడప దగ్గర పర్దా. వాళ్ళ చూపు మందగించడానికి సన్నని పని ఎంత కారణమో, రోషన్‌దాన్ లేని గోడ అంత కారణం.

ఈ బ్లాగు చదివేవాళ్ళలో కారీగర్ల కుటుంబాలున్నాయి, చిన్న కార్ఖానాల మాలిక్‌లూ ఉన్నారు. మాలిక్ భాయీలకు నా గుజారిష్ ఒక్కటే. గది కిరాయికి తీసుకునే ముందు అడుగుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఎత్తు పద్నాలుగు అడుగులు దాటినా పద్నాలుగే వేయండి. మూడింటినీ గుణించి 500తో భాగించండి. అంతకంటే ఎక్కువ మందిని కూర్చోబెట్టాల్సి వస్తే ఇంకో గది చూడండి. పొయ్యిని తలుపుకు అడ్డంగా పెట్టకండి, పొగకు పైన దారి తీయించండి. కూర్చున్నవాళ్ళలో పిల్లలుంటే వాళ్ళను స్కూలుకు పంపండి.