భద్రాచలం ఏజెన్సీలో యాత్రికుల వసతి గృహాలు: నిబంధనలు, పన్నులు

శ్రీ సీతారామచంద్రస్వామి వారు కొలువుదీరిన భద్రాచలం పుణ్యక్షేత్రానికి శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి పర్వదినాల్లో రాష్ట్రం నలుమూలల నుంచే కాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా భక్తులు పెద్ద సంఖ్యలో తరలివస్తారు. పర్ణశాల, కిన్నెరసాని, పాపికొండలు సందర్శించే పర్యాటకులు వీరికి తోడవుతారు. వీరి బస కోసం దేవస్థానం కాటేజీలు, సత్రాలు, ప్రైవేటు లాడ్జీలు ఉండగా, ఇంట్లోని గదులను రోజు లెక్కన అద్దెకిచ్చే హోం స్టే విధానానికి కూడా ప్రోత్సాహం లభిస్తున్నది. అయితే ఈ ప్రాంతం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు పరిధిలో ఉన్నందున, వసతి గృహం నడపదలచిన వారు పన్నుల లెక్క చూసుకునే ముందు ఆ భూమి, ఆ కట్టడం ఎవరి అధీనంలో ఉండవచ్చునో చట్టం ఏమి చెబుతున్నదో తెలుసుకోవలసి ఉంటుంది. పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం ఆ వివరాలు ఈ దిగువ పొందుపరచడమైనది.

రెండు రాష్ట్రాల సరిహద్దు

పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని గోదావరి ఏజెన్సీలో భాగమైన భద్రాచలం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా నుంచి 1959లో ఖమ్మం జిల్లాలో విలీనమైనది. 2014లో రాష్ట్ర పునర్విభజన సందర్భంగా పోలవరం ప్రాజెక్టు ముంపు దృష్ట్యా కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా ఆ మండలంలోని మిగిలిన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. ఇందుకు అదే ఏడాది మే 29న ఆర్డినెన్సు, జూలైలో సవరణ చట్టం వెలువడ్డాయి. 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాచలం పట్టణం తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

ఫలితంగా పట్టణం దాటి కొద్ది దూరం వెళ్లగానే ఎటపాక వద్ద ఆంధ్రప్రదేశ్ పరిధి మొదలవుతుంది. భద్రాచలంలో బస చేసి, వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం రేవు నుంచి పాపికొండల విహారానికి వెళ్లే పర్యాటకుడు ఒకే రోజు రెండు రాష్ట్రాల పరిధిలో సంచరిస్తాడు. వసతి గృహం విషయంలో మాత్రం కట్టడం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర పంచాయతీ చట్టమే వర్తిస్తుంది; రాష్ట్ర జీఎస్టీ వాటా కూడా ఆ రాష్ట్రానికే చెందుతుంది. బస చేసినవారు ఏ ఊరివారైనా, గది ఎక్కడి నుంచి బుక్ చేసినా ఇందులో మార్పు ఉండదు.

భూ బదలాయింపు నిబంధనలు

ఏజెన్సీ భూములకు రక్షణ కల్పిస్తూ గోదావరి ఏజెన్సీలో 1917లోనే ఒక చట్టం అమలులోకి వచ్చినది. దాని స్థానంలో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు, అనగా 1959 నాటి 1వ రెగ్యులేషన్, 1963 నాటి 2వ రెగ్యులేషన్ ద్వారా తెలంగాణ ప్రాంతానికి కూడా విస్తరించాయి. 1970లో వచ్చిన 1వ రెగ్యులేషన్ వీటిని మరింత కట్టుదిట్టం చేసినది. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనుడు గానీ, గిరిజనేతరుడు గానీ షెడ్యూల్డు తెగకు చెందిన వ్యక్తికి, లేదా కేవలం షెడ్యూల్డు తెగల సభ్యులతో ఏర్పడిన సహకార సంఘానికి తప్ప ఇతరులకు బదలాయించడం చెల్లదు. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుని నుంచే సంక్రమించినట్లుగా చట్టం భావిస్తుంది. అందుకు భిన్నమని నిరూపించవలసిన బాధ్యత గిరిజనేతరునిదే.

వసతి గృహాల విషయంలో ముఖ్యంగా గమనించవలసినది 'బదలాయింపు' అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం. అమ్మకంతో పాటు తాకట్టు, కౌలు లేదా లీజు, దానం, మారకం, ఆస్తికి సంబంధించిన ఒప్పందం కూడా ఇందులో చేరి ఉన్నాయి. కనుక ఏజెన్సీలో ఇల్లు కొనకుండా, కేవలం లీజుకు తీసుకుని లాడ్జి నడుపుతానన్న గిరిజనేతరుడు లేదా సంస్థ కూడా నిషేధం పరిధిలోకే వస్తారు. భూమి అన్న పదంలో దానిపై ఉన్న కట్టడాలు కూడా చేరతాయని పి.రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు స్పష్టం చేసి, ఈ నిబంధనల చెల్లుబాటును సమర్థించినది. ప్రభుత్వం కూడా 'వ్యక్తి' నిర్వచనంలోకి వస్తుందని సమత కేసులో 1997లో అదే న్యాయస్థానం తీర్పునిచ్చినది. ఆ కేసు గనుల లీజులకు సంబంధించినదైనా, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ స్థలాన్ని పర్యాటక వసతి కోసం ప్రైవేటు సంస్థకు లీజుకు ఇచ్చే ఏ ప్రతిపాదననైనా ఈ తీర్పు వెలుగులోనే పరిశీలించవలసి ఉంటుంది.

వారసత్వంగా సంక్రమించడం, కుటుంబంలో పంపకాలు జరగడం ఈ నిషేధం కిందికి రావు. పూర్వం నుంచి చట్టబద్ధంగా ఉన్న ఆస్తిలో గిరిజనేతర కుటుంబం వసతి గృహం కొనసాగించడానికి ఇదే ఆధారం. అయితే అదే కట్టడాన్ని కొత్తగా మరొక గిరిజనేతరునికి అమ్మడం గానీ, లీజుకు ఇవ్వడం గానీ కుదరదు. నిబంధనలకు విరుద్ధమైన స్వాధీనాన్ని తొలగించి ఆస్తిని తిరిగి అప్పగించే అధికారం ఏజెంటుకు, నిర్దేశిత అధికారులకు ఉన్నది. ఫిర్యాదు మీద గానీ, ప్రభుత్వోద్యోగి లిఖితపూర్వక సమాచారం మీద గానీ, స్వయంగా గానీ వారు విచారణ చేపట్టవచ్చును. ఉల్లంఘనకు ఏడాది వరకు కఠిన కారాగార శిక్ష విధించే వీలు కూడా ఉన్నది.

గిరిజన కుటుంబాలకు అవకాశం

పై నిషేధం పర్యాటకులకు బస కల్పించడానికి ఆటంకం కాదు. ఒకటి రెండు రాత్రులు గదిలో ఉండే అతిథికి సాధారణంగా ఉండేందుకు అనుమతి మాత్రమే లభిస్తుంది. ఆస్తిపై ఎటువంటి హక్కు సంక్రమించదు. అందువల్ల గిరిజన కుటుంబం తన ఇంట్లో తానే హోం స్టే నడుపుకొనవచ్చును. ఆదాయం ఆ కుటుంబానికే చెందాలన్నది చట్టం ఉద్దేశం. గిరిజనుని పేరు కాగితంపై మాత్రమే ఉంచి, పెట్టుబడి, వసూళ్లు, స్వాధీనం బయటివారి చేతిలో ఉంటే, ఒప్పందానికి ఏ పేరు పెట్టినా అధికారులు దాని నిజ స్వరూపాన్ని పరిశీలిస్తారు.

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ హోం స్టే పథకం కింద యజమాని కుటుంబం నివసిస్తున్న ఇంట్లో ఒకటి నుంచి 6 గదుల వరకు, 12 పడకలకు మించకుండా నమోదు చేసుకొనవచ్చును. వీటిని సిల్వర్, గోల్డ్ తరగతులుగా వర్గీకరిస్తారు. 2024 అక్టోబర్ 2న ప్రారంభమైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో భాగంగా దేశవ్యాప్తంగా గిరిజన ప్రాంతాల్లో 1,000 హోం స్టేలను ప్రోత్సహించాలని నిర్ణయించారు. కొత్తగా రెండు గదుల నిర్మాణానికి రూ.5 లక్షల వరకు, ఉన్న గదుల ఆధునీకరణకు రూ.3 లక్షల వరకు, గ్రామ ఉమ్మడి అవసరాలకు రూ.5 లక్షల వరకు సహాయం ఇందులో ఉన్నది. 1996 నాటి పెసా చట్టం భూముల అన్యాక్రాంతాన్ని అడ్డుకునే అధికారాన్ని, మత్తు పానీయాల నియంత్రణాధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి కల్పించినందున, గ్రామంలో ఇటువంటి కార్యకలాపాలు చేపట్టేటప్పుడు గ్రామసభ అభిప్రాయానికి ప్రాధాన్యం ఉంటుంది.

అటవీ భూములు

2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పొందిన పట్టా వారసత్వంగా సంక్రమిస్తుందే తప్ప, అమ్మడానికి గానీ, బదలాయించడానికి గానీ వీలులేదు. పోడు పట్టా భూమిలో రిసార్టు కోసం బయటివారితో చేసుకునే ఒప్పందాలకు ఈ నిబంధన అడ్డువస్తుంది. అటవీ భూమిని అటవీయేతర అవసరాలకు వినియోగించడానికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు ఆమోదం ఉండాలి. 635.40 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం వంటి రక్షిత ప్రాంతాల లోపల వాణిజ్యపరమైన పర్యాటక లాడ్జీలు, అవి ప్రభుత్వానివైనా సరే, జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం లేకుండా నిర్మించరాదు.

పంచాయతీ అనుమతులు, పన్నులు

పురపాలక సంఘాలకు సంబంధించిన రాజ్యాంగ భాగం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప, షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదు. అందుచేత యాత్రికుల రద్దీ ఎంత ఉన్నా భద్రాచలం గ్రామపంచాయతీ పరిధిలోనే కొనసాగుతున్నది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం భవన నిర్మాణ అనుమతి, వ్యాపార లైసెన్సు పంచాయతీ నుంచి పొందవలసి ఉంటుంది. నిర్ణీత విస్తీర్ణం, ఎత్తు మించిన కట్టడాలకు టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం అవసరం. భద్రాచలంలో 2025 మార్చి 26న నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అనుమతులు, నిర్మాణ నాణ్యతపై తనిఖీ ఎంత అవసరమో ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది.

వసతి గృహం యజమాని పంచాయతీకి ఇంటి పన్ను, దానిపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లించాలి. వృత్తి పన్ను ఏడాదికి గరిష్ఠంగా రూ.2,500. లాడ్జీలకు గృహ వినియోగం కేటగిరీ కాక వాణిజ్య కేటగిరీ విద్యుత్ చార్జీలు వర్తిస్తాయి. ఇంటి పన్ను రశీదు, విద్యుత్ కనెక్షన్, జీఎస్టీ నంబరు ఉన్నంత మాత్రాన భూమిపై హక్కు సంక్రమించదన్న విషయం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది.

జీఎస్టీ

2017 జూలై 1 వరకు అమలులో ఉన్న విలాస పన్ను జీఎస్టీలో కలిసిపోయినది. ఆ తరువాత రేట్లు పలుమార్లు మారాయి. తొలుత రోజుకు రూ.1,000 లోపు గదులకు మినహాయింపు ఉండగా, 2022 జూలై 18 నుంచి వాటిపైనా 12 శాతం పన్ను విధించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదులపై 5 శాతం పన్ను వర్తిస్తున్నది; ఈ తరగతిలో ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ లభించదు. రూ.7,500 మించితే 18 శాతం. ఉదాహరణకు రూ.1,800 గదిపై పన్ను రూ.90 కాగా, అందులో కేంద్రానికి రూ.45, రాష్ట్రానికి రూ.45 చెందుతాయి. పన్ను రేటు గదికి వాస్తవంగా వసూలు చేసిన మొత్తాన్ని బట్టి నిర్ణయమవుతుంది. కనుక పండుగ రోజున అదే గదిని రూ.8,000కు ఇస్తే 18 శాతం చొప్పున రూ.1,440 చెల్లించవలసి ఉంటుంది.

ఏడాది మొత్తం టర్నోవరు రూ.20 లక్షలు మించని వారు రిజిస్ట్రేషన్ పొందనవసరం లేదు. రిజిస్ట్రేషన్ లేనివారు అతిథి నుంచి జీఎస్టీ వసూలు చేయరాదు. అయితే అటువంటి వారి గదులు ఆన్‌లైన్ వేదికల ద్వారా బుక్ అయినప్పుడు పన్ను చెల్లించే బాధ్యత ఆ వేదికదే.

దేవస్థానం కాటేజీలు, సత్రాలు

ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థల యాజమాన్యంలో, లేదా నిర్వహణలో ఉన్న మతపరమైన ప్రాంగణాల్లో రోజుకు రూ.1,000 కంటే తక్కువ అద్దె గల గదులకు జీఎస్టీ మినహాయింపు కొనసాగుతున్నది. సరిగ్గా రూ.1,000 వసూలు చేసినా పన్ను వర్తిస్తుంది. కల్యాణ మండపాలకు ఈ పరిమితి రోజుకు రూ.10,000. ఆలయ ప్రాంగణం వెలుపల అదే సంస్థ నిర్వహించే వసతి గదులకు సైతం మినహాయింపు కోరవచ్చునని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో వివరణ ఇచ్చినది. సత్రం కోసం ట్రస్టు పేరిట కొత్తగా స్థలం తీసుకోదలచినా భూ బదలాయింపు నిబంధనలు వర్తిస్తాయి. పన్ను మినహాయింపు వేరు, భూమి హక్కు వేరు.

భద్రతా నిబంధనలు

అతిథుల గుర్తింపు వివరాలను రిజిస్టరులో నమోదు చేయాలి. విదేశీయులు బస చేసినట్లయితే 24 గంటల లోపు సంబంధిత అధికారులకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం ఇవ్వాలి. 2025 సెప్టెంబర్ 1న అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం ఈ బాధ్యతను కొనసాగించినది. హోం స్టేలకు కూడా ఇది వర్తిస్తుంది. భోజనం వడ్డించే పక్షంలో ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు పొందాలి.

గోదావరి వరదలను కూడా నిర్వాహకులు దృష్టిలో ఉంచుకొనవలసి ఉంటుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల నీటిమట్టం నమోదైనది. భారీ వరదల సమయంలో ఆలయ పరిసర వీధుల్లోకి సైతం నీరు చేరుతున్నందున, హెచ్చరికలు వెలువడినప్పుడు అతిథులను సురక్షిత ప్రాంతాలకు పంపే ఏర్పాటు నిర్వాహకులు ముందుగానే చేసుకొనడం అవసరం.

పరిశీలనాంశాలు

ఏజెన్సీలోని ఏదేని వసతి గృహం గురించి వార్త రాసే సందర్భంలో, లేదా తనిఖీ చేసే సందర్భంలో ఈ క్రమాన్ని పాటించడం ఉపయుక్తం. కట్టడం ఏ రాష్ట్రంలో, ఏ పంచాయతీలో ఉన్నది. అది పట్టా భూమా, అటవీ హక్కు పత్రం గల భూమా, ప్రభుత్వ లేదా దేవస్థానం భూమా. స్వాధీనంలో ఉన్నవారికి అది ఏ సంవత్సరంలో, ఏ విధంగా సంక్రమించినది. నిర్మాణానికి, వ్యాపారానికి అనుమతులు ఉన్నవా. చివరగా పన్నుల చెల్లింపు ఏ స్థితిలో ఉన్నది. పన్ను బకాయిని వడ్డీతో సహా చెల్లించి సరిచేసుకొనవచ్చును. చెల్లని బదలాయింపును మాత్రం ఎంత పన్ను చెల్లించినా క్రమబద్ధం చేసుకొనడం సాధ్యం కాదు. భూమి వివాదాలకు గిరిజన సంక్షేమ విభాగపు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కార్యాలయం, హోం స్టే పథకాలకు భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, జీఎస్టీ విషయాలకు వాణిజ్య పన్నుల శాఖ, స్థానిక అనుమతులకు గ్రామపంచాయతీ సంప్రదించవలసిన కార్యాలయాలు.