మన చదువుల చరిత్ర – 7: రాత్రి బడి పాఠం ఎక్కడ మొదలవ్వాలి?



వాడల్లో రాత్రి బడి పెడదామనుకుంటున్న విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, సిలబస్ ఏంటి?" దానికి జవాబు చరిత్రలోనే ఉంది.

1855లో జోతీరావు, సావిత్రీబాయి ఫూలేలు పుణేలో రైతులకు, కూలీలకు రాత్రి బడి తెరిచారు. పగలంతా పని చేసేవాళ్ళకు పగటి బడి అందదు కాబట్టి చదువే వాళ్ళ వేళకు రావాలని ఒప్పుకోవడం అది. సిలబస్‌లో మొదటి అంశం అందుకే టైం టేబుల్.

రెండోది మాట. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో పాలో ఫ్రెయిరె బృందం సుమారు 300 మంది శ్రామికులకు చదువు చెప్పింది. ముందు వాళ్ళ బతుకులోని మాటలు ఏరుకుని, ఒక్కో మాట మీద చర్చ పెట్టి, తర్వాత దాన్ని అక్షరాలుగా విడగొట్టారు. అప్పట్లో అక్కడ చదువు రానివాళ్ళకు ఓటు లేదు. అక్షరమొస్తే ఓటొస్తుంది. 1964లో సైనిక కుట్ర జరిగింది, ఫ్రెయిరెను జైల్లో పెట్టారు. అక్షరాలకు ఎవరు భయపడతారో చూడండి.

మన దగ్గర నెల్లూరు జిల్లా ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది, సారా గురించి. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాన్ని తమ ఊరి మాటగా చర్చించుకున్నారు. సారా దుకాణం మూయించారు. 1992కల్లా ఆ మంట జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. చరిత్ర వాళ్ళను "నెల్లూరు మహిళలు" అని రాసి ఊరుకుంది. వాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి తల్లులు. ఆ మాట మనమే రాయాలి.

ఇప్పుడు మీ సిలబస్. పుస్తకం కొనకముందు వారం రోజులు అరుగుల మీద కూర్చుని వినండి. జాబ్ కార్డు, మస్టర్, పట్టా, వడ్డీ, వేలిముద్ర: పదిహేను మాటలు చాలు. "కూలి"తో మొదలుపెట్టండి. క గుణింతం, ల గుణింతం వస్తే కల, కాలు, కీలు వాళ్ళే రాస్తారు. ఒక్క సున్నా కలిపితే "కులం" కూడా వస్తుంది. ఆ రోజు పాఠం ఆపి మాట్లాడనివ్వండి. అంకెలు కూలి లెక్కతో, అప్పు లెక్కతో నేర్పండి.

నలభై ఏళ్ళు బతుకు ఈదిన అమ్మకు "అ అంటే అమ్మ" అని చెప్పకండి. ఆమెకు రానిది లిపి ఒక్కటే, లోకం కాదు.

పరీక్షా పెట్టండి. తన పేరున తనే అర్జీ రాసి, ఆఫీసులో ఇచ్చి, రసీదు అడిగి తెచ్చుకోవాలి. ఆ రసీదే సర్టిఫికెట్.