అరకు లోయ – థింసా నృత్యము – యాత్రికులు

విశాఖపట్టణమునకు వాయవ్యమున, తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ కలదు. బగతలు, వాల్మీకులు, పోర్జాలు, కోందులు, కోటియాలు మున్నగు గిరిజనులకు అది తరతరముల నివాసము. 1839వ సంవత్సరపు 24వ చట్టము విశాఖ జిల్లా కొండప్రాంతములను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా జేసి ఆతనికి అప్పగించినది. ‘ఏజెన్సీ’ యను మాట ఆనాటిదే. మైదానమువారికి చాలకాలము ఆ సీమ మన్యపు జ్వరములకు పుట్టినిల్లుగానే తెలియును. వినోదమునకై అచ్చటికి పోవుదురని నాడెవరును తలచి యుండరు.

1960 దశకమున కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము నిర్మింపబడినది. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దెచ్చి జపానునకు పంపుట దాని ఉద్దేశము. ఖనిజమునకై కొండలు తొలిచి వేసిన ఆ దారినే పిమ్మట యాత్రికులును పట్టిరి. 2017 ఏప్రిలులో గాజుకప్పు గల ప్రత్యేకమైన పెట్టెను కూడ ఆ రైలునకు తగిలించిరి. నేడు శీతకాలము వచ్చినచో మంచు చూచుటకును, గోస్తనీతీరపు బొర్రా గుహలు చూచుటకును జనము తీర్థమువలె సాగుచున్నారు. సాయంకాలము విడిదిలో థింసా చూడనిదే వారి యాత్ర ముగియదు.

ఈ థింసా యన నేమి? అది ఒక నృత్యము కాదు, ఒక కుటుంబము. బోడ థింసా గ్రామదేవతను కొలుచుట. ఇందు నెమలియీకల కట్ట చేబూనిన పురుషుడు ముందు నడువగా, చేతులు వీపుల వెనుక పెనవేసికొన్న వరుసలు పామువలె మెలికలు తిరుగును. భాగ్ థింసాలో పులి వాతబడకుండ తప్పించుకొను తీరును చూపుదురు. పోతర్ తోలలో ఆకులేరుట, కుండ థింసాలో భుజములతో ఒకరినొకరు త్రోసికొనుట కలవు. బాయ థింసా పూనకము వచ్చిన మంత్రగానిది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు దీని వాద్యములు. చైత్రమాసపు వేటపండుగ, పెండ్లి, జాతర దీనికి వేళలు. పండుగదినములలో ఒక ఊరివారు మరియొక ఊరికి పోయి ఆడి, అచ్చటివారితో సహపంక్తిని భుజింతురు. దీనిని సంకిడి కేల్బార్ అందురు. నేడు ఆడినవారు రేపు ఆతిథ్య మిత్తురు గనుక, ఊరక చూచిపోవువారికి ఇందు చోటులేదు.

విడిదిలోని థింసాకు ఈ ఇచ్చిపుచ్చుకొనుట లేదు. అచ్చట వేళ నిర్ణయించునది మాసము గాదు, అతిథుల భోజనసమయము. ఒకే రంగు చీరలు ధరించి, నెగడు చుట్టు కొంతసేపు ఆడి, చివర యాత్రికులను చేయిపట్టి వలయములోనికి లాగుట వాడుకయైనది. త్రోపులాటయు, పులియాటయు రంగస్థలమున బాగుగనే రాణించును. పూనకమును మాత్రము గడియారము చూచి పిలువ వీలుకాదు, నటింపవలసినదే. అయినను దీనిని కేవలము నింద్యమనుట న్యాయము కాదు. కొండపంట చాలని కుటుంబమునకు ఆ కూలి అక్కరకు వచ్చును, థింసా పేరు దేశమునకు తెలిసినదియు ఇట్లే. వేటకు పోయినవారు వెదురుబొంగులో కాల్చుకొను మాంసము నేడు బాటప్రక్కల ‘బొంగులో చికెన్’గా అమ్ముడుపోవుచున్నది. అదియు ఒక జీవనోపాధియే. గిరిజన స్త్రీల కట్టును అద్దెకు దెచ్చి, పది నిమిషములు కట్టుకొని ఛాయాచిత్రము దిగు వేడుకను గూర్చి మాత్రము అంత మెత్తగా పలుకుట కష్టము.

ఇంతకంటె గట్టి ప్రశ్న భూమిది. 1959వ సంవత్సరపు భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూలు ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని శాసించిరి. ‘1/70’ అని జనులు పిలుచునది ఇదియే. బొర్రా ప్రాంతమున గనులను ప్రైవేటువారికి కౌలు కిచ్చుటపై సాగిన ‘సమత’ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1997 జూలైలో తీర్పుచెప్పుచు, షెడ్యూలు ప్రాంతపు ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు కౌలు కీయరాదనెను. గిరిజనుల పేర ఇతరులే విడిదులు నడుపుచున్నారను ఆరోపణలు లేకపోలేదు. అయినను ఈ కట్టుబాటు లేకున్నచో, రైలు వచ్చిన కొలదికాలమునకే లోయ చేతులు మారి, ఆడువారు మాత్రమే అచ్చట మిగిలియుందురు.

దీని విలువ వలిసె చేలలో కంటికి కనబడును. శీతకాలమున లోయ యంతయు ఆ పూలతో పసుపు పారబోసినట్లుండును. యాత్రికులు చిత్రములకై చేలలో దిగి పైరు త్రొక్కుటచే, రైతులు గట్టున నిలిచి కొంత రుసుము గైకొనసాగిరి. కొందరు దీనిని విసుగుకొందురు. కాని ఆ చేను రైతుది. ఎవరిని దిగనీయవలెనో, ఎంత తీసికొనవలెనో అతడే చెప్పును. రాత్రి విడిదిలో తుడుము వాయించువానికి ఆ మాట చెల్లదు. పూలు రాలి గింజ పండిన పిదప నూర్చి, నూనెగింజలుగా సంతకు మోసికొని పోవువాడును ఆ రైతే.