ఫర్షంగ్ దినములు, ఫాంక్ అను పిండివంట

హంగరీ దేశమున జనవరి 6వ తేదీన వచ్చు మువ్వురు రాజుల పండుగ మొదలు, ఈస్టరుకు ముందటి దీర్ఘోపవాసములు ప్రారంభమగు విభూతి బుధవారము వరకు గల కాలమును ఫర్షంగ్ అందురు. ఈస్టరు తేదీ ఏటేటా మారుచుండుటచే ఈ కాలము ఒక యేట నెల దినములతోనే ముగియును. మరియొక యేట రెండు నెలలు దాటును. పెండ్లిండ్లు, విందులు, వేషములు, నాట్యములు అన్నియు ఈ నడుమనే జరుగును. ఈ దినములకు గుర్తుగా హంగరీవారు చేసికొను పిండివంట పేరు ఫాంక్.

హిందీ తెలిసిన పాఠకుడు ఈ మాట వినగానే పండు తునకయగు ‘ఫాఁక్’ అని భ్రమపడవచ్చును. ఈ రెంటికిని చెవికి తోచు పోలికయే గాని చుట్టరికము లేదు. హంగరీ ఫాంక్ జర్మను భాషనుండి వచ్చినది. ఫర్షంగ్ అను మాటయు అటనుండి వచ్చినదే. ఆస్ట్రియా, బవేరియా ప్రాంతములవారు నేటికిని దానిని ఫాషింగ్ అందురు. ట్రాన్సిల్వేనియాలోని హంగరీవారు ఇదే భక్ష్యమును పాంకో అని పిలుతురు. అదియు ‘పెనము రొట్టె’ అను అర్థముగల జర్మను మాటకు మారురూపము. పండ్రెండవ శతాబ్దినుండి హంగరీ రాజుల ఆహ్వానముపై జర్మనులు వచ్చి అచ్చట స్థిరపడి పట్టణములు నిర్మించిరి. వారి చేతిపనులతోబాటు వారి వంటింటి మాటలును హంగరీ భాషలో చేరుట సహజమే. దీనిని తెలుగున బూరె అని అనువదింపబోయి మానుకొంటిని. బూరెలో పూర్ణము ప్రధానము, పైపిండి దానికి తొడుగు. ఫాంక్‌లో పిండియే ప్రధానము. పండ్ల పాకము పిమ్మట వచ్చి చేరునది.

ఈ వంటలో పనితనమంతయు పిండిలోనే ఉన్నది. తెల్లని గోధుమపిండిలో గోరువెచ్చని పాలు, గ్రుడ్ల పచ్చసొన, వెన్న, పులియుటకు ఈస్టు చేర్చి మృదువుగా మర్దింతురు. కొందరు ఒక చెంచాడు రమ్ము కూడ పోయుదురు. అది మత్తుకొరకు కాదు. సారాయి వేడికి ఆవిరియై పోవుచు పిండి కొవ్వును త్రాగకుండ కాపాడునని వారి అనుభవము. పిండి పొంగుచున్నంతసేపు తలుపులు మూసియుంచి, చలిగాలి తగులనీయరు. తరువాత వ్రేలెడు మందమున పరచి, గుండ్రముగ కోసి, మరికొంతసేపు పొంగనిచ్చి, కాగిన కొవ్వులో విడుతురు. మొదటి వైపు వేగునప్పుడు పాత్రపై మూత ఉంచవలెను. లోపలి ఆవిరికి పిండి ఉబ్బి తేలికపడి పైకి తేలును. త్రిప్పిన పిమ్మట మూత తీసివేయవలెను. సరిగా పొంగిన ఫాంక్ సగమే మునుగును. కావున రెండు ప్రక్కలు బంగారు వన్నెకు వచ్చినను, నడుమ ఒక పట్టె మాత్రము వేగక తెల్లగా నిలుచును. హంగరీ భాషలో సలగ్ అనగా పట్టీ. అందుచే దీనికి సలగోష్ ఫాంక్, అనగా పట్టీ కట్టిన ఫాంక్, అని పేరు. పిండి బరువెక్కినచో అది మునిగిపోవును, పట్టీ పడదు. ఇల్లాలి నేర్పును ఇరుగుపొరుగువారు రుచి చూడకయే కొలుచుటకు ఆ తెల్లని గీత చాలును. పైన చక్కెరపొడి చల్లి, జల్దరు పండ్ల పాకముతో వడ్డింతురు. కెచ్కెమేట్ పరిసరములలోని ఇసుకనేలలు ఈ పండ్లకు ప్రసిద్ధములు.

ఇంత కొవ్వు, ఇన్ని గ్రుడ్లు ఒక్కసారిగా ఎందుకు? దీనికి సమాధానము పంచాంగములోను, పెరటిలోను కూడ ఉన్నది. చలికాలమున హంగరీ రైతు ఇంట పందిని కోయుట ఆచారము. ఆ దినమున కొవ్వు కరగించి కుండల నింపుదురు. జనవరి దాటి పగళ్లు పొడుగగుకొలది కోళ్లు మరల గ్రుడ్లు పెట్టసాగును. సరిగా అప్పుడే ఉపవాసములు ముంచుకొనివచ్చును. పూర్వపు నియమము ప్రకారము ఆ దినములలో మాంసమే కాదు, కొవ్వు, పాలు, వెన్న, గ్రుడ్లు కూడ నిషిద్ధములు. కావున నిషేధము రాకమునుపే ఉన్నదంతయు అనుభవింపవలెను. ఫర్షంగ్ చివరి మంగళవారమునకు ‘మాంసము విడుచు మంగళవారము’ అనియే పేరు. ఆ వారమునందే ‘తిండిపోతు గురువారము’ అని మరియొకటి ఉన్నది. పండుగలో మిగిలిన కొవ్వు పదార్థములను ఆనాడు ముగించుట వాడుక. జనులు ఈ సంధికాలమును ఒక యుద్ధముగా కూడ భావించిరి. మాంసమునకు ప్రతినిధి కొంత్స్ రాజు. ఉపవాసపు పుల్లని చారునకు ప్రతినిధి త్సిబెరె దొర. వీరిరువురు ద్వంద్వయుద్ధము చేయుదురు. ఫర్షంగ్ ఆరంభమున గెలుపు కొంత్స్‌ది, అంతమున త్సిబెరెది. హాస్యమువలె తోచు ఈ ఆట వెనుక ఒక కఠినమైన నిజము కలదు. వేసవి పంట చేతికి వచ్చుటకు ఇంకను నెలలు ఉండగా గాదెలు తరుగుచుండెడి కాలమది. మతము ఉపవాసము విధింపకున్నను పేద ఇంట అది తప్పెడిది కాదు.

తెల్లని గోధుమపిండియు, చక్కెరయు అందరకు అందెడివి కావు. పంతొమ్మిదవ శతాబ్దిలో బీటు దుంపల చక్కెర విస్తరించువరకు అది సంపన్నుల వస్తువే. పల్లెలలో చొరొగె ఫాంక్ అను మరియొక రకము విశేషముగ కనబడును. దీనికి ఈస్టు అక్కరలేదు. పచ్చసొన, పుల్లని మీగడ కలిపిన పిండిని పలుచగా పరచి, ముక్కలుగా కోసి, నడుమ చీల్చి, ఒక కొసను ఆ చీలికగుండ దూర్చి వేయింతురు. పెండ్లి బల్లలపై దీనికి ప్రత్యేక స్థానము కలదు. ఉపవాసములలో వివాహములు నిషిద్ధమగుటచే ఫర్షంగ్ ముగియులోపల పెండ్లి కాని కన్యలను పరిహసించు ఆచారములు కూడ పుట్టినవి; కొన్ని ఊళ్ల వారిచేత మ్రాను దుంగ లాగించెడివారు. ఈ సరదా ఆ బాలికలకు ఎంతటి సరదాగా ఉండెడిదో ఊహించుకొనవచ్చును. ఒక ఫాంక్‌ను పంచుకొని తిన్న జంట విడిపోదని నమ్మకము. సెరేమ్ ప్రాంతమున మరియొక వింత నమ్మకము ఉండెడిది: ఫర్షంగ్‌లో వేయించిన ఫాంక్ తుపాను ఇంటికప్పు ఎగురగొట్టకుండ ఆపునట!

ఈ భక్ష్యమును ఎవరు కనిపెట్టిరి అను ప్రశ్నకు కథలు చాలగా కలవు. వియన్నాలో క్రాప్ఫ్ అను రొట్టెలమ్మ కోపముతో పిండిముద్ద విసరగా అది కాగిన కొవ్వులో పడి ఫాంక్ ఆయెనని ఒక కథ. ఆమె పదునేడవ శతాబ్దిదని చెప్పుదురు. కాని క్రాప్ఫెన్ అను జర్మను మాట అంతకు అనేక శతాబ్దుల పూర్వముననే ఉన్నది. పేరునుండి మనిషి పుట్టినది గాని మనిషినుండి పేరు పుట్టలేదు. రోమను రచయిత కేటో క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలోనే జున్ను కలిపిన ఉండలను కొవ్వులో వేయించి, తేనె పూసి, గసగసాలు అద్దు విధమును వ్రాసెను. నేటి హంగరీ పశ్చిమభాగము ఒకప్పుడు రోమనుల పనోనియా. అంతమాత్రమున ఆ వంట ఈ వంటగా ఎడతెగక వచ్చినదనుట సాహసమే. 1476లో మథియాస్ రాజు నేపుల్స్ రాకుమారి బియాట్రిస్‌ను పెండ్లాడిన పిమ్మట ఆస్థానపు వంటలో ఇటలీ పద్ధతులు ప్రబలినవి. ఫర్షంగ్ వైభవమునకు కొంత కారణము అచ్చట వెదకుట న్యాయము.

ఈ వంట క్రైస్తవులదే అనుకొనుట పొరపాటు. హంగరీలోని యూదులు తమ హనుక్కా దీపోత్సవమున ఫాంక్ వేయించుకొనెడివారు. పవిత్రతైలము అద్భుతముగ ఎనిమిది దినములు వెలిగిన గాథను స్మరించు ఆ పండుగకు నూనెలో వేగిన వంటకము తగినదే. పంది కొవ్వు వారికి నిషిద్ధము. బాతు కొవ్వు వాడినచో, మాంసమును పాలను కలుపరాదను నియమముచే, పిండిలో పాలు, వెన్న వేయరాదు. ఒకే వంట, ప్రక్కప్రక్క ఇండ్లలో, రెండు ధర్మములకు లోబడి రెండు విధములుగ నడచినది. 1944 మే, జూలై నెలల మధ్య నాలుగు లక్షలకు పైబడిన యూదులను హంగరీనుండి తరలించిరి. వారిలో అత్యధికులను ఔష్విట్స్‌కు చేర్చిరి. ఎన్నో చిన్న పట్టణములలో ఆ రెండవ విధము తెలిసిన చేతులు లేకపోయినవి.

1920 నాటి ట్రియనాన్ సంధి పాత హంగరీ రాజ్యమును ముక్కలు చేసినది. వంటకములకు మాత్రము ఆ సరిహద్దులు పట్టలేదు. ఆస్ట్రియావారి క్రాప్ఫెన్, క్రొయేషియావారి క్రాఫ్నె, చెకియావారి కొబ్లిహా, పోలండువారి పోంచ్కి, అన్నియు ఫాంక్‌కు దాయాదులే. ఎవరికివారు అది తమ జాతీయ వంటకమందురు. ఎవరిమాటయు అబద్ధము కాదు. ఎవరిమాటయు పూర్తిగా నిజము కాదు. నేడు బుడాపెస్టు దుకాణములలో ఫాంక్ పండ్రెండు నెలలు దొరకును. పంది కొవ్వుకు బదులు నూనె వచ్చినది. లోపల చాక్లెట్టు నింపినదియు కలదు. ఐనను ఫిబ్రవరిలో దుకాణముల ముందు నిలుచువారి సంఖ్య వేరు.

డాన్యూబు ఒడ్డున మొహాచ్ పట్టణమున షోకత్స్ అను క్రొయేషియా సంతతివారు ఫర్షంగ్ చివరి దినములలో బుషో వేషములు కట్టుదురు. కొయ్య ముసుగులు, గొఱ్ఱెతోళ్లు, చేతిలో గిలక. ఈ ఉత్సవమును యునెస్కో 2009లో మానవజాతి అమూర్త సంపదల పట్టికలో చేర్చినది. మంగళవారము చీకటి పడగానే చలికాలమునకు గుర్తైన శవపేటికను పట్టణ కూడలిలో మంటకు అర్పింతురు. అంతకుముందు బుషోలు గిలకలు మ్రోగించుచు ఇంటింటికి పోవుదురు. గృహస్థులు వారికి మద్యము పోసి, ఫాంక్ పెట్టి పంపుదురు.